ఆర్నాల్డ్ లేన్: ఆర్గన్ వైపు నుంచి వింటే

ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ అనగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది డేవిడ్ గిల్మర్ గిటారు. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ గదులు, నల్ల టీషర్టు మీద పట్టకం బొమ్మ, లైట్లు ఆపేసి వినే పొడుగాటి పాటలు. అవి నాకూ ఇష్టమే. కానీ ఈ బృందం గురించి ఎవరైనా అడిగితే నేను ముందు వినిపించేది మూడు నిమిషాలు కూడా నిండని ఒక పాట. పేరు 'ఆర్నాల్డ్ లేన్'. వాళ్ల మొట్టమొదటి సింగిల్, అంటే ఆల్బంతో పని లేకుండా విడిగా అమ్మే చిన్న రికార్డు. 1967 మార్చి 10న ఇంగ్లండులో విడుదలైంది. అప్పటికి గిల్మర్ బృందంలోనే లేడు. పాట రాసిందీ, పాడిందీ, గిటారు వాయించిందీ సిడ్ బారెట్. బాస్ రోజర్ వాటర్స్, డ్రమ్స్ నిక్ మేసన్. ఆర్గన్ రిచర్డ్ రైట్.

ఈ పాట గురించి రాసేవాళ్లంతా సిడ్ గురించే రాస్తారు. రాయాల్సిందే, పాట అతనిది. నేను మాత్రం రైట్ గురించి రాయాలనుకుంటున్నాను. ఈ పాటకి ప్రాణం ఆ ఆర్గన్‌లో ఉందని నా నమ్మకం.

నేను కీబోర్డు వాయిస్తాను. మాది తెనాలి. పెళ్లిళ్లకీ, దసరా పందిళ్లకీ, తిరనాళ్లకీ తిరిగే ఆర్కెస్ట్రాలో పని. మా నాన్న పద్యనాటకాలకి హార్మోనిస్టు. లెగ్ హార్మోనియం ముందు కూర్చుని, కాళ్లతో గాలి కొడుతూ రెండు చేతులతో వాయించేవాడు. నటుడు రాగం తీస్తుంటే నాన్న వెనకే నడిచేవాడు. నటుడు ఊపిరి తీసుకునే చోట హార్మోనియం ముందుకొచ్చేది. జనం వన్స్ మోర్ కొట్టేది నటుడికే. కానీ ఊపిరి తీసుకునే ఆ జాగాలో హార్మోనియం లేకపోతే పద్యం కూలిపోతుందని వేదిక మీదున్న ప్రతివాడికీ తెలుసు. నేను ఏ పాట విన్నా ముందు అలాంటి జాగా ఎక్కడుందా అని వెతుకుతాను. అది నాన్న దగ్గర్నుంచి వచ్చిన అలవాటు.

'ఆర్నాల్డ్ లేన్'లో ఆ జాగా పాట మధ్యలో ఉంది. అక్కడికి వచ్చేముందు కథ చెప్పాలి.

కథ కేంబ్రిడ్జిలో మొదలైంది. సిడ్, వాటర్స్ ఇద్దరూ ఆ ఊళ్లో పెరిగినవాళ్లే. ఇద్దరి ఇళ్లలోనూ వాళ్లమ్మలు ఆడపిల్లల్ని పేయింగ్ గెస్టులుగా పెట్టుకున్నారు, దగ్గర్లో చదువుకునే అమ్మాయిలు. అంతమంది ఆడపిల్లలుంటే పెరట్లో దండెం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కదా. ఎవడో ఒకడు రాత్రిపూట వచ్చి ఆ దండేల మీద ఆరేసిన లోదుస్తులు ఎత్తుకుపోయేవాడట. ఈ సంగతి వాటర్స్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. దొంగ ఎవరో ఎప్పటికీ దొరకలేదు. సిడ్ అతనికి ఆర్నాల్డ్ లేన్ అని పేరు పెట్టాడు, ఒక గది ఇచ్చాడు, ఆ గది గోడకి నిలువుటద్దం తగిలించాడు. పాటలో ఆర్నాల్డ్ ఆ బట్టలు వేసుకుని అద్దం ముందు నిలబడతాడు. అద్దంలో బొమ్మ వంకరగా కనిపిస్తుంది. తర్వాత పట్టుబడతాడు, జైలుకు పోతాడు, తలుపులు దభాలున మూసుకుంటాయి.

1967లో ఒక కొత్త బృందం మొదటి రికార్డుకి ఇలాంటి విషయం ఎంచుకోవడం చిన్న సంగతి కాదు. సైకడెలిక్ రాక్ అంటే రంగులు, అంతరిక్షం, మత్తు కలలు అనుకునే రోజులు. సిడ్ మాత్రం పక్కింటి పెరట్లోకి చూశాడు. గొంతు కూడా అలాగే ఉంటుంది. అప్పట్లో ఇంగ్లండు కుర్రాళ్లలో ఎక్కువమంది రాక్ పాడాలంటే అమెరికా యాస పెట్టుకునేవాళ్లు. సిడ్ తన ఇంగ్లండు యాసలోనే, ఊళ్లో జరిగిన కబురు చెబుతున్నట్టు పాడాడు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఇలాంటి మనిషి మీద పాట కట్టమంటే మామూలుగా ఎవరైనా హాస్యం చేస్తారు. జనం నవ్వుతారు, పాట హిట్టవుతుంది. మా ఆర్కెస్ట్రాల్లో కామెడీ స్కిట్లు చేసేవాళ్లు ఇలాంటి పాత్ర దొరికితే వదలరు. ఆడవాళ్ల బట్టలు వేసుకున్న మగవాడంటే చాలు, ముందు వరుస నుంచి ఈలలు మొదలవుతాయి. సిడ్ అలా చెయ్యలేదు. అలాగని అతన్ని వెనకేసుకురానూ లేదు. పాటలో లోకం మాట ఉంది, వాడు చెడ్డవాడు అనే మాట. ఇంకోసారి చెయ్యకు అనే హెచ్చరికతో పాట ముగుస్తుంది. మరి ఆర్నాల్డ్ వైపు నుంచి మాట్లాడేవాళ్లెవరు? నాకు వినిపించినంతవరకు అది రైట్ ఆర్గనే.

దీనికి వాద్యం గురించి కొంచెం చెప్పాలి. రైట్ ఆ రోజుల్లో వాయించింది ఫార్ఫీసా కాంపాక్ట్ డ్యుయో. ఇటలీలో తయారైన ట్రాన్సిస్టర్ ఆర్గన్. పైనొకటి, కిందొకటి, రెండు వరుసల మెట్లు ఉంటాయి. చర్చిల్లో ఉండే పెద్ద పైప్ ఆర్గన్‌కీ దీనికీ పోలిక లేదు. వ్యానులో వేసుకుని ఊరూరూ తిరగడానికి చేసిన వాద్యం. లోపల పన్నెండు స్వరాలకి పన్నెండు ఆసిలేటర్లు, అంటే స్వరం పుట్టించే సర్క్యూట్లు. ఆ స్వరాల కంపనాల్నే సగం, అందులో సగం చేసుకుంటూ పోయి కింది స్థాయిలు పుట్టిస్తారు. దాని శబ్దం సన్నగా ఉంటుంది, ముక్కుతో పాడినట్టు ఉంటుంది, కొంచెం గీరుతుంది కూడా. మన పాత సినిమా క్లబ్బు పాటల్లో సర్రుమని వినిపించే ఆర్గన్లు కూడా ఈ కుటుంబానివే.

వీటికో గుణం ఉంది. మెట్టును గట్టిగా కొట్టినా, మెల్లగా తాకినా శబ్దం ఒకటే. పియానోకి వేలి బరువు తెలుస్తుంది. హార్మోనియానికి గాలి బరువు తెలుస్తుంది, నాన్న కాలు నెమ్మదిస్తే స్వరం నీరసపడేది. ఫార్ఫీసాకి అవేమీ తెలియవు. మెట్టు నొక్కితే పలుకుతుంది, వదిలితే ఆగుతుంది. హెచ్చుతగ్గులు కావాలంటే కాలికింద వాల్యూమ్ పెడల్ ఒక్కటే దారి. అందుకని ఈ వాద్యం మీద భావం పలికించాలంటే మిగిలేవి రెండే: ఏ స్వరం ఎంతసేపు పట్టుకున్నావు, దాన్ని ఎప్పుడు వదిలావు.

రైట్‌కి ఈ రెండూ బాగా తెలుసు. లండన్‌లో రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదవడానికి చేరి, అక్కడే వాటర్స్‌నీ మేసన్‌నీ కలిశాడు. తర్వాత ఆర్కిటెక్చర్ వదిలేసి సంగీతం కాలేజీలో చేరాడు. జాజ్ అంటే ఇష్టం. వేళ్ల వేగం చూపించి చప్పట్లు కొట్టించుకునే రకం కాదు. 'ఆర్నాల్డ్ లేన్' మధ్యలో మాటలు ఆగిపోయి ఆర్గన్ ఒక్కటే ముందుకొచ్చే చోట వినండి. సిడ్ గొంతు ఆగగానే గిటారు సోలో వస్తుందని ఎదురుచూస్తాం. గిటారిస్టే నాయకుడు కదా. రాదు. రైట్ వస్తాడు. తొందరలేదు. ఒక స్వరం పూర్తిగా వదలకముందే ఇంకోటి దానికి తగులుతుంది. కింద బాస్, డ్రమ్స్ అదే నడకతో సాగుతుంటాయి. పైన ఆర్గన్ మాత్రం తన ఆలోచనలో తాను ఉన్నట్టుంటుంది. ఆ కాసేపు పాటలో తీర్పు చెప్పేవాళ్లు లేరు. వాడు మంచివాడనీ అనరు, చెడ్డవాడనీ అనరు. గదిలో ఒక్కడే ఉన్న మనిషి కనిపిస్తాడు నాకు.

దీన్ని చేత్తో పట్టుకుని చూడాలని మా రిహార్సల్ గదిలో ప్రయత్నించాను. నా యమహాలో ఆర్గన్ టోన్లు చాలానే ఉన్నాయి, ఏది పెట్టినా ఆ రుచి రాదు. కీబోర్డులో టచ్ అని ఒక బటన్ ఉంటుంది, వేలి బరువుకి తగ్గట్టు శబ్దం పెరిగేలా, తగ్గేలా చేసేది అదే. దాన్ని ఆఫ్ చేశాను. రివర్బ్ తీసేశాను. సస్టెయిన్ పెడల్ పీకి పక్కన పెట్టాను. అప్పుడు దగ్గరికొచ్చింది. టచ్ తీసేశాక ఏం జరుగుతుందంటే, నేను రోజూ వాడే నాలుగైదు చిట్కాలు పనిచెయ్యవు. సినిమా పాటలో ఫీల్ తేవడానికి చివరి స్వరాన్ని మెత్తగా నొక్కుతాను. ఇక్కడ మెత్తగా నొక్కినా అంతే గట్టిగా మోగుతుంది. దాంతో వేళ్లు ఊరికే కదలడం మానేస్తాయి. ప్రతి స్వరానికీ లెక్క చెప్పాల్సి వస్తుంది. అక్కడ చేత్తో తెలిసింది, రైట్ ఎన్ని స్వరాలు వాయించకుండా వదిలేశాడో.

మా ప్యాడ్స్ వాయించే కుర్రాడు అప్పుడు పక్కనే ఉన్నాడు. రాక్ బాగా వింటాడు.

"అన్నా, ఇది ఫ్లాయిడేనా? ఇంత చిన్న పాటేంటి?" అన్నాడు.

"మొదటి రికార్డు తమ్ముడూ."

"అంటే ఇంకా వాళ్ల స్టైల్ రాలేదన్నమాట."

చాలామంది అనుకునేది అదే కాబట్టి దీనికి జవాబు రాయాలి. వాళ్ల స్టైల్ అప్పటికే వచ్చేసింది. పొడుగాటి పాటలు వాళ్లు తర్వాత నేర్చుకున్నవి కావు. 1966 డిసెంబర్ 23న లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో, బేస్‌మెంటులో ఉన్న ఒక ఐరిష్ డ్యాన్స్ హాల్లో యుఫో అనే క్లబ్ మొదలైంది. నడిపింది జో బాయిడ్ అనే అమెరికన్ కుర్రాడు, జాన్ హాప్కిన్స్. పింక్ ఫ్లాయిడ్ అక్కడి ఆస్థాన బృందం లాంటిది. గోడల మీద రంగునీళ్ల స్లైడ్లు కదులుతుంటే, వీళ్లు మాటల్లేని ఒకే పాటని ఆగకుండా వాయిస్తూనే ఉండేవాళ్లు. 1967 జనవరిలో ఆ క్లబ్ సంగీతాన్ని ఒక డాక్యుమెంటరీ సినిమా కోసం రికార్డు చేశారు. ఆ టేపు పదహారు నిమిషాలు దాటింది. రికార్డు చేసింది చెల్సీలో సౌండ్ టెక్నిక్స్ అనే స్టూడియోలో. 'ఆర్నాల్డ్ లేన్' రికార్డయిందీ ఆ స్టూడియోలోనే, ఆ చలికాలంలోనే.

అవే నాలుగు జతల చేతులు, అదే గది. ఒకటి పదహారు నిమిషాలు, ఇంకోటి మూడుకి లోపు.

ఏడంగుళాల రికార్డు, నిమిషానికి 45 చుట్లు. దానిలో ఒక వైపు సరిగ్గా పట్టేది, రేడియోవాళ్లు వేసేది, మూడు నిమిషాల పాట. క్లబ్బులో అరగంట వాయించేవాణ్ణి మూడు నిమిషాల్లో చెప్పమంటే ఏం చేస్తాడు? మా పనిలో ఇది రోజూ ఉండేదే. పెళ్లివాళ్లు టైం లేదంటే రెండో చరణం ఎత్తేస్తాం, బీజీఎం సగానికి కోస్తాం. పాట కుంటుతుంది, కానీ పని అయిపోతుంది. ఈ బృందం అలా కొయ్యలేదు. కొలతకి తగ్గ పాట వేరే కట్టారు. సిడ్ దగ్గర ఆ కళ ఉంది, రెండు మూడు మాటల్లో బొమ్మ చూపించి వదిలేస్తాడు. క్లబ్బులో గంటలకొద్దీ వాయించిన స్వేచ్ఛనంతా మధ్యలో ఆర్గన్‌కి ఇచ్చిన ఆ కాస్త చోట్లో పెట్టారు. అందుకే ఆ ముక్క అంత నిండుగా ఉంటుందని నేననుకుంటాను. యుఫోలో రాత్రి రాత్రంతా వెతికినవాడికే, ఎక్కువ వెతక్కుండా అంత సూటిగా చెప్పడం చేతనవుతుంది.

సౌండ్ టెక్నిక్స్ గురించి కూడా నాలుగు మాటలు. ఒకప్పుడు పాల డెయిరీగా ఉన్న భవనం అది. ఇంజనీరు జాన్ వుడ్, ప్రొడ్యూసర్ జో బాయిడ్. నాలుగు ట్రాకుల టేపు మిషను. ఈ రోజు నా లాప్‌టాప్‌లో ఒక భజన పాటకే ట్రాకులు పాతిక దాటుతున్నాయి. నాలుగే ఉంటే డ్రమ్స్, బాస్ కలిసి ఒకదాంట్లోకి పోవాల్సిందే, అక్కడ చేసిన తూకం తర్వాత మార్చడానికుండదు. మిక్స్ కూడా మోనో. ఎడమ కుడి అని విడదీసి దాచుకునే వీల్లేదు. ఆర్గన్, గిటారు ఒకే చోట నిలబడి ఒకదాన్ని ఒకటి తొక్కకుండా ఉండాలి. వాద్యాలు వాయించేవాళ్లే చోటిచ్చుకుంటే తప్ప ఇది కుదరదు. ఈ రికార్డులో సిడ్ గిటారు చాలా చోట్ల వెనక్కి తగ్గి ఉంటుంది. స్టేజి మీద అద్దాలు అతికించిన ఎస్క్వైర్ గిటారుతో, సిగరెట్ లైటర్‌తో తీగల మీద గీస్తూ వింత శబ్దాలు తీసేవాడు. ఆ మనిషి తన మొదటి సింగిల్‌లో సోలో ఆర్గన్‌కి వదిలేశాడు. దీనికి ఎంత నమ్మకం కావాలో ఆర్కెస్ట్రాలో ఉన్నవాళ్లకి తెలుస్తుంది.

రికార్డింగ్ అయ్యేటప్పటికి ఏ కంపెనీ చేతిలో లేదు. తర్వాత టేపు పట్టుకుని వెళ్తే ఈఎంఐ అయిదు వేల పౌండ్ల అడ్వాన్సుతో తీసుకుంది. కానీ ఇకమీదట మా ప్రొడ్యూసరే చెయ్యాలి అన్నారు. జో బాయిడ్ పక్కకి పోయాడు. వచ్చినాయన నార్మన్ స్మిత్, 1965 దాకా బీటిల్స్ రికార్డులకి ఇంజనీరు. ఆయన పెద్ద ఉద్దండుడే, అందులో సందేహం లేదు. అయినా రెండో సింగిల్‌కి ఆ శబ్దం రావాలంటే అబ్బే రోడ్డులోని ఈఎంఐ సొంత స్టూడియో వదిలి, మళ్లీ చెల్సీలోని ఆ పాత డెయిరీకే వెళ్లాల్సి వచ్చింది. ఆ రెండోది 'సీ ఎమిలీ ప్లే', ఇంగ్లండు చార్టులో 6వ స్థానం దాకా వెళ్లింది. బాయిడ్‌కి మొదటి సింగిల్ పేరు మాత్రమే మిగిలింది. పాట ఎవరి చేతిమీదుగా రూపు కట్టిందో వాళ్లే దాని విజయానికి దూరమవడం రికార్డింగ్ రంగంలో కొత్త కాదు. కానీ ఇక్కడ నాకు ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

'ఆర్నాల్డ్ లేన్' 20వ స్థానం దగ్గర ఆగింది. ఆగడానికి ఒక కారణం రేడియో లండన్. అప్పట్లో ఇంగ్లండులో ప్రైవేటు రేడియో స్టేషన్లకి అనుమతి లేదు. అందుకని కొందరు తీరానికి దూరంగా, సముద్రంలో ఓడ లంగరేసి అక్కణ్ణుంచి పాటలు ప్రసారం చేసేవాళ్లు. పిరేట్ రేడియోలు అనేవాళ్లు. ప్రభుత్వానికి ఎదురుతిరిగి నడిచే అలాంటి ఓడల్లో ఒకటి రేడియో లండన్. ఆ ఓడవాళ్లే ఈ పాట వెయ్యం అన్నారు, మగాడు ఆడవాళ్ల బట్టలు వేసుకోవడం అసభ్యమట. ఆ ఆగస్టు 14న, కొత్త చట్టం అమల్లోకి వచ్చే ముందు, ఆ రేడియోనే మూతపడింది.

వెనకవైపు పాట సంగతి కూడా ఉంది. దాని అసలు పేరు, అసలు మాటలు గంజాయి చుట్టడం గురించని అర్థమయ్యేలా ఉండేవి. కంపెనీ ఒప్పుకోలేదు. మాటలు మార్చి, మిఠాయి, ఎండుద్రాక్ష బన్ను అని ఏదో పిల్లల తిండి పేరు పెట్టి విడుదల చేశారు. ఒకే రికార్డు. వెనకవైపు మత్తు మాటలు కనబడి తీసేయించారు. ముందువైపు దండెం మీది బట్టలు ఎత్తుకుపోయే మనిషిని అలాగే వదిలేశారు. ఆ రెండో పాట నాకు అంతగా ఎక్కదు, నిజం చెప్పాలంటే గిటారు గోల ఎక్కువ.

ప్రచారానికి ఒక చిన్న ఫిల్ము కూడా తీశారు. నలుపు తెలుపు. ఇంగ్లండు దక్షిణ తీరంలో ఈస్ట్ విటరింగ్ బీచిలో నలుగురూ కోట్లు వేసుకుని, బట్టల కొట్లో ఉండే బొమ్మనొకదాన్ని మోసుకుంటూ పరుగులు పెడతారు. సిడ్ నవ్వుతూ ఉంటాడు. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు, ఆరోగ్యంగా, చలాకీగా. ఏడాది తిరక్కుండా అతని మనసు పట్టు తప్పింది. 1968 జనవరిలో గిల్మర్‌ని తీసుకున్నారు, ఏప్రిల్‌లో సిడ్ బృందంలో లేడని ప్రకటించారు. తర్వాత ఒక్కడే రెండు ఆల్బంలు చేసి, కేంబ్రిడ్జికి తిరిగివెళ్లి, బొమ్మలు వేసుకుంటూ, తోటపని చేసుకుంటూ బతికాడు. అది తెలిసి ఈ ఫిల్ము చూడటం కష్టం. నేను పాట మాత్రమే వింటాను.

ఈ పాట వాళ్ల మొదటి ఆల్బంలో లేదు. అప్పట్లో ఇంగ్లండు పద్ధతి అది, సింగిల్ వేరు, ఆల్బం వేరు. కొన్నవాడికి ఒకే పాట రెండుసార్లు అమ్మకూడదనుకునేవాళ్లు. 1971లో 'రెలిక్స్' అని పాత పాటలు కొన్ని కలిపి వేసినప్పుడు అందులో మొదటి పాట ఇదే. మధ్యలో బృందం మారిపోయింది. 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బం వచ్చాక లోకానికి ఈ పాట అక్కర్లేకపోయింది. స్టేడియాలు నింపే రోజుల్లో వాళ్లు దీన్ని వాయించలేదు. రైట్ కూడా చాలా అనుభవించాడు. 1980 ప్రాంతంలో వాటర్స్ పట్టుబట్టి అతన్ని బృందంలోంచి పంపించాడు, 'ది వాల్' షోలకి రైట్ జీతం మీద వాయించాడు. మొదటి నుంచి ఉన్న మనిషి, తన బృందంలోనే కూలికి. తర్వాత మళ్లీ చేరాడు.

2006 మే నెలలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో గిల్మర్ కచేరీలు చేశాడు. కీబోర్డుల దగ్గర రైట్. ఒక రాత్రి డేవిడ్ బోవీ వచ్చి 'ఆర్నాల్డ్ లేన్' పాడాడు. బోవీకి సిడ్ అంటే కుర్రతనం నుంచీ ఆరాధన. ఆ జులై 7న సిడ్ పోయాడు, అరవయ్యేళ్లకి. సంవత్సరం చివర్లో గిల్మర్ ఈ పాటని మళ్లీ సింగిల్‌గా విడుదల చేశాడు. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి బోవీ పాడింది. పత్రికలన్నీ దాని గురించే రాశాయి. రెండోది రైట్ పాడింది.

నాకు రెండోదే కావాలి. బోవీ గొప్పగా పాడాడు, పాత్రలో దూరిపోయాడు, నటుడు కదా. రైట్ గొంతు అలాంటిది కాదు. అరవై దాటిన మనిషి, పెద్ద గొంతేమీ లేదు, సిడ్ ఎక్కడ ఎలా విరిచాడో అలాగే జాగ్రత్తగా విరుస్తాడు. మధ్యలో ఆ జాగా వస్తుంది. పాట ఆపి తనే ఆర్గన్ అందుకుంటాడు. నలభై ఏళ్ల కింద వాయించిన చోటే. మా నాన్న హార్మోనియం మీద ఉంటూనే, నటుడు రాని రోజు పద్యం కూడా తనే అందుకునేవాడు. గొప్పగా పాడేవాడని ఎవరూ అనలేదు. కానీ పద్యంలో ఎక్కడ ఊపిరుందో ఆయనకి తెలిసినట్టు ఏ నటుడికీ తెలియదు. రైట్ పాడింది వింటుంటే ఆ సంగతే గుర్తొస్తుంది.

2007 మే 10న లండన్ బార్బికన్‌లో సిడ్ జ్ఞాపకార్థం ఒక కచేరీ జరిగింది. వాటర్స్ విడిగా వచ్చి తన పాట పాడి వెళ్లాడు. గిల్మర్, మేసన్, రైట్ ముగ్గురూ కలిసి ఎక్కారు. వాయించింది ఒకే పాట, ఇదే. ఆ ముగ్గురూ కలిసి జనం ముందు వాయించిన చివరి పాట కూడా అదే అయింది. రైట్ 2008 సెప్టెంబర్ 15న క్యాన్సర్‌తో పోయాడు.

వినాలనుకునేవాళ్లకి నా సలహా. ముందు 1967 నాటి మోనో వినండి, హెడ్‌ఫోన్స్ కంటే మామూలు స్పీకర్ మీద వింటే మేలు. మొదటిసారి మాటల కోసం వినండి. రెండోసారి సిడ్‌ని వదిలేసి ఎడం చెయ్యీ కుడి చెయ్యీ ఏం చేస్తున్నాయో ఆర్గన్‌నే పట్టుకోండి, సోలో దగ్గరే కాదు, గొంతు వెనక కూడా. తర్వాత 2006లో రైట్ పాడింది వెతికి వినండి. బోవీది ముందొస్తుంది, దాన్ని దాటుకుని వెళ్లండి. కీబోర్డు వాయించేవాళ్లయితే టచ్ ఆఫ్ చేసి ఆ సోలో ఒకసారి ఎత్తి చూడండి. నొటేషన్ రాసి పెట్టుకున్నాను. కావాలంటే అడగండి, ఫోటో తీసి పెడతాను.